రాళ్ళు జరిపిన ఇల్లు

మా ఫ్రిజ్‌లో ఐస్ పెట్టుకునే అరలో ఏడాదిగా ఐస్ లేదు. అక్కడ సముద్రపు పొట్టిరొయ్యలు గడ్డకట్టిన దిమ్మ ఒకటి ఉంటుంది. మా ఆయన పొద్దున్నే దాని నుంచి గోరంత ముక్క గీకి, టీ వడగట్టే జల్లెడలో వేసి, పంపు కింద కరగబెడతాడు. ఆ జల్లెడ వేరు, టీ జల్లెడ వేరు అని ఒట్టేసి చెబుతాడు. రెండూ ఒకే కొట్లో ఒకే రోజు కొన్నవి, ఒకే మేకుకు వేలాడుతుంటాయి. నేను టీ మానేసి ఏడాదయింది.

ఎదురుగా ఉన్నప్పుడు ఆయన్ని మీరు అనే అంటాను. ఇక్కడ ఆ మర్యాద అక్కర్లేదు.

ముందు ఇంటి సంగతి చెప్పాలి. రెండు గదులు, ఒక వంటిల్లు, బాత్‌రూమ్‌కి వెళ్ళే ఇరుకు నడవ. ముందుగదికి ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉంది. పదకొండేళ్ళుగా ఆ కిటికీ కింద నా బల్ల ఉండేది. నేను కట్టుడుపళ్ళు చేస్తాను. ముగ్గురు పళ్ళ డాక్టర్లు నోటి అచ్చులు పంపిస్తారు. ప్లాస్టరు పోసి, మైనం దిద్ది, పళ్ళు పేర్చి, గులాబీరంగు చిగుళ్ళు పోసి, నునుపు చేసి వెనక్కి పంపిస్తాను. అంతా ఒక ఎత్తు, రంగు కలపడం ఒక ఎత్తు. మనుషుల పళ్ళు తెల్లగా ఉంటాయనుకుంటారు గానీ ఉండవు. ఒకరివి కాస్త పసుపు, ఒకరివి బూడిద, ఒకరివి చిగురు దగ్గర ఒకటి, కొసన ఇంకొకటి. షేడ్ గైడ్ అని పదహారు నమూనా పళ్ళు గుచ్చిన పట్టీ ఉంటుంది. దాన్ని మనిషి నోటి పక్కన పెట్టి, ఉత్తరపు వెలుతురులో చూసి రంగు తేల్చాలి. ఆ వెలుతురు ఎండలా మీద పడదు, రోజంతా ఒక్కతీరుగా ఉంటుంది. ట్యూబ్‌లైటు కింద అయితే ఆ పదహారూ ఒక్కలాగే కనబడతాయి.

ఆ కిటికీ ఉంటేనే నా పని. ఆ పని ఉంటేనే నేను. ఇది గుర్తుపెట్టుకోండి.

ఊళ్ళోవాళ్ళ నోళ్ళతో పని కదా, రోత పుట్టదా అని అడుగుతారు. పుట్టదు. అచ్చులో నోరు నిజాయితీగా ఉంటుంది. అరిగింది అరిగినట్టు, విరిగింది విరిగినట్టు కనబడుతుంది. నాకు రోత పుట్టించినవన్నీ మా ఇంట్లోనే ఉన్నాయి.

మా ఆయన కాలేజీలో పరీక్షల విభాగంలో గుమాస్తా. హాల్లో ఎవరు ఎక్కడ కూర్చోవాలో గళ్ళు గీసి రాయడం ఆయన ఉద్యోగం. ఒకే పరీక్ష రాసే ఇద్దరు పక్కపక్కన పడకూడదు. పాతికేళ్ళుగా మనుషుల్ని గళ్ళలో కూర్చోబెడుతున్న ఆ మనిషికి ఉన్నట్టుండి చేపల తొట్టి పిచ్చి పట్టింది. అదీ ఉప్పునీళ్ళ తొట్టి. మంచినీళ్ళ చేపలు చిన్నపిల్లల ఆటట, ఉప్పునీళ్ళవే అసలు విద్యట.

తొట్టి అరవై లీటర్లది. కిటికీకి కుడిపక్క గోడవారగా, ఇనుప స్టాండు మీద పెట్టాడు. మొదటి రెండు నెలలు అందులో ఒక్క చేప లేదు, ఇసుక, నాలుగు రాళ్ళు, నీళ్ళు మాత్రం ఉన్నాయి. "నీళ్ళు పండాలి, అప్పుడే చేపలు బతుకుతాయి" అనేవాడు. అవి పండేలోపు ఇసుక మీద గోధుమరంగు జిగురు, అద్దానికి పాచి, అంచుల వెంట తెల్లటి ఉప్పు పొక్కులు. వారానికోసారి నీళ్ళు మార్చడానికి గొట్టం ఒక కొస తొట్టిలో ముంచి, రెండో కొస నోట్లో పెట్టుకుని పీల్చేవాడు. నోటినిండా వచ్చిన నీళ్ళు నేను ముఖం కడుక్కునే బేసిన్‌లో ఉమ్మి, నా తువ్వాలుతో మూతి తుడుచుకునేవాడు. రోతగా ఉందంటే, "సముద్రమేగా, శుభ్రమైనదే" అనేవాడు.

ఆ రెండు నెలలూ ఆయన ఖాళీగా కూర్చోలేదు. ఏ చేపకి ఏ చేప పడుతుందో తేల్చడానికి ఒక నోటుబుక్కు పెట్టాడు. చిన్న తొట్టికి గోబీలే తగినవని తేలింది. గోబీ అంటే కూరగాయేమో అనుకున్నాను. వేలెడంత పొడుగుండే చేపలట. ఈదడం కన్నా రాతి కింద కూర్చుని గుడ్లు మిటకరించడమే వాటికిష్టం. వాటిలో లెక్కలేనన్ని రకాలు. ఒక్కోదాని పొడుగు, తిండి, కోపం, ఎంత చోటు కావాలి, ఎవరి పక్కన ఉండగలదు, అన్నీ గళ్ళు గీసి రాశాడు. భోజనం దగ్గర కూడా అదే పురాణం.

"డైమండ్ గోబీ వద్దు," అన్నాడొక రోజు. "అది ఇసుక నమిలి అందులో పురుగులు ఏరుకు తింటుంది. మన తొట్టిలో ఇసుక దానికి నాలుగు రోజులకి కూడా చాలదు. ఆకలితో చస్తుంది. కొట్టువాడు మాత్రం ఇసుక శుభ్రం చేస్తుంది సార్, తీసుకెళ్ళండి అంటాడు. ఎంత పాపం చూడు."

"పాపమే," అన్నాను.

"నియాన్ గోబీలు రెండు వేయొచ్చు. జంటగా దొరుకుతాయి, వాటికి గొడవల్లేవు. వాచ్‌మన్ గోబీ మాత్రం ఒక్కటే వేయాలి. దానికి రాతి కింద సొంత బొరియ కావాలి. ఇంకో వాచ్‌మన్ కనబడితే ఊరుకోదు. జంట అయితే పర్లేదు గానీ, ఏది ఆడో ఏది మగో కొట్టువాడికే తెలీదు."

"మరి ఒకటి కుదురుకున్నాక ఇంకోటి తేవాలంటే?"

అడిగినందుకు ఆయన మొహం వెలిగిపోయింది. "రాళ్ళు జరిపేయాలి. తెచ్చిన రోజే రాళ్ళ వరస మొత్తం మార్చేస్తే పాతదానికి తన ఇల్లేదో తెలీదు. ఇది నాది అనే పొగరు పోతుంది. పాతదీ కొత్తదీ రెండూ కొత్తవే అవుతాయి. ఇక కొట్లాట ఎందుకుంటుంది?"

ఎంత తెలివో అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే చీదర.

మూడో నెలలో చేపలు వచ్చాయి. నియాన్లు రెండు, అగ్గిపుల్లంత, ఒంటి వెంట నీలి గీతతో. వాచ్‌మన్ పసుప్పచ్చది. మొహాన నీలి చుక్కలు, కిందికి వేలాడే పెదవి, ఎవరి ఫైలూ కదపని ఆఫీసరు మొహం. నా బల్లవైపున్న రాతి కింద బొరియ తవ్వుకుని, నేను పని చేస్తున్నంతసేపూ తల బయట పెట్టి చూసేది. దాన్ని చూస్తే నాకు రోత అనిపించేది కాదు. ఎవరి పని వారు చేసుకునే ఇద్దరిలా ఉండేవాళ్ళం.

నోటుబుక్కు మొదటి పేజీలో ఎర్రసిరాతో ఒక మాట రాసి, కింద రెండు గీతలు గీశాడు. "మూత తప్పనిసరి. ఇమడకపోతే దూకేస్తాయి." వల మూత తెచ్చాడు కూడా. కానీ పైనుంచి చూస్తే చేపలు సరిగ్గా కనబడ్డం లేదని వారానికే తీసి బీరువా మీద పడేశాడు.

అలా రెండు నెలలు చేపలకి పెళ్ళిచూపులు చేసిన మనిషి, అవి వచ్చిన ఎనిమిదో నెలలో ఒక శుక్రవారం పొద్దున చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ, "అన్నట్టు, అక్క వస్తోంది. ఇక మనతోనే ఉంటుంది" అన్నాడు.

"ఎప్పుడు?"

"రేపు."

"నన్ను ఒక్క మాట అడగలేదే?"

"మా అక్క కదా," అన్నాడు. అది జవాబే అనుకున్నాడు.

వదిన లేడీస్ హాస్టల్లో ముప్ఫై రెండేళ్ళు మేట్రన్. పెళ్ళి చేసుకోలేదు. నూట యాభై మంది అమ్మాయిల్ని గంట కొట్టి లేపి, గంట కొట్టి పడుకోబెట్టిన మనిషి. ఈమధ్యే రిటైరైంది. ఏడాదికోసారి వచ్చి, కుర్చీ అంచున గంటసేపు కూర్చుని, నా పని గురించి రెండు మాటలడిగి వెళ్ళేది. ఆమె అంటే నాకు ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు. "ఎక్కడ పడుకుంటారు మరి?" అని అడిగితే, "అదంతా నేను చూసుకుంటాను" అన్నాడు మా ఆయన.

చూసుకున్నాడు. మర్నాడు డాక్టర్లకి పళ్ళ సెట్లు ఇచ్చి మూడింటికి ఇంటికొచ్చి తలుపు తోస్తే, అది బీరువాకి తగిలి ఆగిపోయింది. బీరువా అక్కడ ఉండకూడదు. సందులోంచి పక్కవాటుగా లోపలికి వెళ్ళాను. కుర్చీలు రెండో గదిలోకి పోయాయి. రెండో గదిలోని ఒంటి మంచం ముందుగదిలోకి వచ్చింది. వంటింట్లో గిన్నెలు కింది అరకి, డబ్బాలు పై అరకి మారాయి. అద్దం ఇంకో గోడకి పోయింది. నా బల్ల బాత్‌రూమ్ నడవలో, ట్యూబ్‌లైటు కింద ఉంది. ప్లాస్టరు సంచి చీపురు పక్కన, పనిముట్లన్నీ ఒక బకెట్లో. షేడ్ గైడ్ కోసం వెతికితే టూత్‌బ్రష్‌ల మగ్గులో, బ్రష్‌ల మధ్య నిలబెట్టి ఉంది. పళ్ళకి సంబంధించినదే కదా అనుకున్నాడు కాబోలు.

కిటికీ కింద, తొట్టికి ఆనించి మంచం వేసి ఉంది. దాని మీద వదిన ఒళ్ళో సంచీ పెట్టుకుని, బస్సు కోసం కూర్చున్నట్టు కూర్చుంది.

"వచ్చావా అమ్మాయ్," అంది.

"వచ్చాను వదినా," అని వంటింట్లోకి వెళ్ళాను. మా ఆయన వెనకాలే వచ్చాడు. గొంతు తగ్గించి, బహుమతి తెచ్చినవాడిలా, "రాళ్ళు జరిపాను" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"ఇప్పుడు ఏది చూసినా ఇద్దరికీ కొత్తే. నీకూ కొత్తే, అక్కకీ కొత్తే. ఇది నాది అనే పట్టింపు ఎవరికీ రాదు. ఒక్క పూటలో ఎంత పని చేశానో చూడు."

"కిటికీ?"

"అక్కే అడిగింది. కిటికీ పక్కనైతేనే నిద్ర పడుతుందట. పెద్దది కదా, కాదనలేకపోయాను."

నోరు తెరిస్తే మాట రాదు, ఉమ్మే వస్తుందనిపించింది. ఇంట్లో ఆయన కదపనిది చేపల తొట్టి ఒక్కటే. నీళ్ళతో ఉన్నదాన్ని కదిపితే అద్దం పగులుతుందట.

ఆ మర్నాటి నుంచి వదిన చేసే ప్రతి చప్పుడూ నాకు పడేది కాదు. పొద్దున ఐదింటికి బాత్‌రూమ్‌లో గొంతు సవరించేది. ఆ చప్పుడు నా బల్ల మీదుగా వచ్చేది. కాలవ జాలీలో నెరిసిన వెంట్రుకల ఉండ. ఇల్లంతా మోకాళ్ళకి రాసే మందు వాసన. సంచీ విప్పి చీరలు బీరువాలో పెట్టుకోలేదు. రోజూ జిప్పు లాగి ఒక చీర తీసుకుని, మళ్ళీ జిప్పు మూసేసేది. మా బీరువా కూడా ఆవిడకి ఆనదు కాబోలు అని పళ్ళు నూరుకున్నాను. ఇక మూడో రోజు మంచినీళ్ళు తాగుదామని గట్టు మీది గ్లాసు ఎత్తితే, నీళ్ళ అడుగున పై వరస పళ్ళు నవ్వుతూ కనబడ్డాయి. కట్టుడుపళ్ళు చేసి బతికేదాన్ని, నాకు వాంతి వచ్చినంత పనైంది. నేను తాగే గ్లాసు అది.

రోతలో ఉన్నా వృత్తి బుద్ధి ఊరుకోదు. ఆ సెట్టు ఎవడో చేతకానివాడు చేసిందని చూడగానే తెలిసింది. అంచు మందం, పళ్ళు ఎత్తు తప్పాయి. వదిన భోజనం చేస్తుంటే టక్కు టక్కుమనేది ఇందుకన్నమాట. మెత్తని అన్నం నాలుగు ముద్దలు తలవంచుకుని తిని లేచిపోయేది. చేసినవాణ్ణి తిట్టుకున్నాను గానీ ఆవిడతో ఏమీ అనలేదు.

ఆ వారంలోనే ఒక హెడ్‌మిస్ట్రెస్ వచ్చింది. ముందు పన్ను విరిగింది. రంగు నన్నే చూడమని డాక్టరు పంపించాడు. కిటికీ దగ్గర వదిన ఒళ్ళు నొప్పులని పడుకుని ఉంది. లేవమనడానికి నాకు పౌరుషం అడ్డొచ్చింది. హెడ్‌మిస్ట్రెస్‌ని నడవలో స్టూలు మీద కూర్చోబెట్టి, ట్యూబ్‌లైటు కింద నోరు తెరవమన్నాను. ఆవిడ బాత్‌రూమ్ తలుపు వంక చూసి, ముక్కు మీద రుమాలు పెట్టుకుని నోరు తెరిచింది. పన్ను చేసి పంపించాను. రెండు రోజుల్లో తిరిగొచ్చింది.

"పక్కపళ్ళ మధ్య మొక్కజొన్న గింజలా ఉందమ్మా," అన్నాడు డాక్టరు ఫోన్లో. "ఆవిడ రేపటి నుంచి స్కూల్లో నవ్వాలి. పదకొండేళ్ళలో మీ దగ్గర నుంచి ఇలాంటిది చూడలేదు. ఇంకోసారి ఇలాగైతే వేరే ల్యాబ్ చూసుకోవాలి, ఏమనుకోకండి."

ఆ పన్నుని కిటికీ దాకా తీసుకెళ్ళి చూశాను. నిజంగానే మొక్కజొన్న గింజ. నా చేత్తో చేసింది చూసి నాకే అసహ్యం వేసింది.

మా ఆయనకి మాత్రం ఇల్లు బ్రహ్మాండంగా కుదిరిపోయినట్టు కనబడింది. ఇద్దరాడవాళ్ళూ నోరెత్తడం లేదు. నోరెత్తకపోతే పడుతున్నట్టేనని ఆయన లెక్క. ఆ ధైర్యంతో ఆదివారం కొట్టుకెళ్ళి, పాలిథిన్ సంచీలో ఇంకో పసుప్పచ్చ వాచ్‌మన్‌ని పట్టుకొచ్చాడు.

"ఒక్కటే వేయాలన్నారు కదా," అన్నాను.

"రాళ్ళు జరుపుతాను. ఇంట్లో చూశాం కదా ఎంత బాగా పనిచేసిందో."

జబ్బల దాకా చేతులు ముంచి రాళ్ళన్నీ తారుమారు చేశాడు. ఒకప్పుడు నా బల్లకి ఎదురుగా ఉన్న బొరియ కూలిపోయింది. సాయంత్రానికి రెండు వాచ్‌మన్లూ ఒకే రాతి కింద తవ్వడం మొదలుపెట్టాయి. తలకాయంత నోళ్ళు తెరిచి ఎదురెదురుగా నిలబడేవి. మర్నాటికి ఒకదాని తోక చీలికలు పేలికలైంది. అది పైకొచ్చి, నీళ్ళు వేడి చేసే గొట్టం వెనక, మూలన అతుక్కుని ఉండిపోయింది. తిండి వేసినా కిందికి దిగడం లేదు.

"కొంచెం టైమివ్వాలి," అన్నాడు మా ఆయన. "అలవాటు పడుతుంది."

మంగళవారం ఆయన ఆఫీసుకి వెళ్ళాక గ్లాసులో పళ్ళు మళ్ళీ కనబడ్డాయి. ఈసారి అంచున సన్నగా నెత్తురు జీర. ఇక నావల్ల కాలేదు. గ్లాసు పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళాను.

"ఇది పుండు చేసింది కదా వదినా. ఎన్నాళ్ళ నుంచి?"

ఆవిడ చెంగుతో మూతి కప్పుకుని గోడవైపు తిరిగింది. "ఆరు నెలలు," అంది. పళ్ళు లేక మాటలు గాలిలో తేలాయి. "నీకు చెబుదామనుకున్నాను. నీ పని పాడుచేస్తున్నానేమో అని ఊరుకున్నాను."

"నోరు చూపించండి."

చూపించింది. చిగురు మీద వేలిగోరంత పుండు. నడవలో బల్ల దగ్గరికి తీసుకెళ్ళి, సెట్టు అంచు ఎక్కడ అరగదీయాలో పెన్సిలు గుర్తు పెట్టబోయాను. కనబడి చావదే. వదిన అది చూసి లేచింది.

"ఇక్కడ వెలుతురే లేదు కదమ్మాయ్. కిటికీ దగ్గరికి రా. అసలు నీ బల్ల నడవలో ఎందుకు పెట్టించుకున్నావు?"

"నేనెందుకు పెట్టించుకుంటాను? మీకు కిటికీ దగ్గరైతేనే నిద్ర పడుతుందట కదా."

"నాకా?" అంది. మూతి మీద చెంగు కూడా మర్చిపోయింది. "ఆ వెలుతురుకి తెల్లవారుతూనే మెలకువ వచ్చేస్తోంది. నేను వద్దన్నాను. నువ్వే పట్టుబట్టి బల్ల తీయించావన్నాడు తమ్ముడు. పెద్దావిడకి గాలి తగలాలన్నావట."

నేను ముందుగదిలోకి వచ్చి మంచం అంచున కూర్చున్నాను. తోక చిరిగిన వాచ్‌మన్ మూలన అలాగే అతుక్కుని ఉంది.

"ఇంకా ఏం చెప్పాడు?"

"నన్ను రమ్మన్నది నువ్వేనన్నాడు. వదిన ఒక్కతే ఉండడం నాకు నచ్చడం లేదు అని రోజూ పోరుతున్నావన్నాడు. నిజానికి హాస్టల్ వాళ్ళు నా గది నన్నే ఉంచుకోమన్నారు. రిటైరైనా రాత్రిపూట పెద్దదిక్కుగా ఉండమన్నారు. ఈ శనివారంలోగా చెప్పాలి. నువ్వంత ఆపేక్షగా పిలిస్తే కాదంటే బాగుండదని వచ్చేశాను." సంచీ దగ్గరికి లాక్కుని, "వచ్చిన రోజు నీ మొహం చూశాక సంచీ విప్పబుద్ధి కాలేదు" అంది.

నాకు ఒళ్ళంతా తేళ్ళు పాకినట్టయింది. ఆయన అబద్ధాలాడినందుకు కాదు. ఆ అబద్ధాలు ఎంత మంచివో చూడండి. రెండు వైపులా అందరూ మంచివాళ్ళే, ఆయన మరీ మంచివాడు. ఆవిడ గొంతు చప్పుడుని, వెంట్రుకల్ని, మందు వాసనని అసహ్యించుకుంటూ పది రోజులు బతికాను. అసహ్యించుకోవలసింది ఎవరినో ఇప్పుడు తెలిసింది.

"చిన్నప్పుడూ అంతే," అంది వదిన. "నాన్న దగ్గర అక్క చెప్పింది అనేవాడు, నా దగ్గర నాన్న చెప్పాడు అనేవాడు. ఇద్దరికీ వాడే ముద్దు."

కిటికీ వెలుతురులో కూర్చుని అంచు అరగదీశాను. ఎత్తు తప్పిన పళ్ళు సరిచేసి, నునుపు పట్టి, కడిగి ఇచ్చాను. వదిన పెట్టుకుని, రెండుసార్లు పళ్ళు కొరికి చూసింది. చప్పుడు లేదు. పది రోజుల్లో మొదటిసారి ఆ నోరు తిన్నగా నవ్వింది. వాణ్ణి నేనడుగుతాను, నువ్వు ముందే ఏమీ అనకు అంది. సరేనన్నాను.

ఆవిడ అడగక్కర్లేకుండానే ఆ సమయం వచ్చింది. శుక్రవారం పొద్దున వదిన మంచం దిగి, స్టాండు పక్కనున్న చెప్పుల్లో కాలు పెట్టి, "ఛీ" అని వెనక్కి లాక్కుంది. ముప్ఫై రెండేళ్ళు హాస్టలు నడిపిన మనిషి నోట అంతకన్నా పెద్ద కేక రాదు. వంగి చూశాను. చెప్పులో పసుప్పచ్చ వాచ్‌మన్. ఎండి వంకరపోయింది, ఒంటినిండా దుమ్ము, ఒక తెల్లవెంట్రుక చుట్టుకుని ఉంది. తోక ఆవిడ మడమ కింద నలిగిపోయింది. కళ్ళు మాత్రం అలాగే తెరుచుకుని ఉన్నాయి.

మా ఆయన నోట్లో బ్రష్షుతోనే పరిగెత్తుకొచ్చాడు. దాన్ని అరచేతిలోకి తీసుకుని, "అయ్యయ్యో" అన్నాడు. నురగ చొక్కా మీద కారింది.

"ఏది ఇది?" అని అడిగాను. "పాతదా, కొత్తదా?"

ఆయన చేతిలోదాన్ని చూశాడు. తొట్టి దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, రాతి కింద ఉన్నదాన్ని చూశాడు. మళ్ళీ చేతిలోదాన్ని చూశాడు. లోపలున్నదాని తోక కూడా చిరిగే ఉంది. చాలాసేపు చూశాడు.

"రెండూ ఒకేలా ఉన్నాయి," అన్నాడు చివరికి.

రెండు నెలలు గళ్ళు గీశాడు. ఒక్కోదాని తిండి, కోపం, చోటు రాశాడు. తన ఇంట్లో ఎనిమిది నెలలు బతికినదాన్ని మొహం చూసి గుర్తుపట్టలేడు. నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. ఆ నురగ మూతిని చూస్తే వెలపరం వచ్చింది, అంతే.

వదిన మంచం మీద కూర్చుని, కాలు తుడుచుకుంటూ అడిగింది. "ఒరేయ్, ఇంతకీ నన్ను రమ్మన్నది ఎవరు?"

ఆయన నా వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. "ఎవరైతే ఏముందక్కా. ఇద్దరూ బాగానే ఉన్నారు కదా. ఒక్కరోజైనా మాట మాట అనుకున్నారా?"

వదిన లేచి సంచీ మంచం మీద పెట్టింది. సంచీ జిప్పు మూసే ఉంది కాబట్టి సర్దుకోవలసిన పని లేకపోయింది. హాస్టలుకి ఫోన్ చేసి, గది నాకే ఉంచండి, రేపు వస్తున్నాను అని చెప్పింది. ఫోన్ పెట్టేసి నన్ను వంటింట్లోకి పిలిచింది.

"నా గది పెద్దది," అంది. "రెండు కిటికీలు. ఒకటి ఉత్తరానికి. దాని కింద నీ బల్ల పడుతుంది. రెండు స్టాపుల దూరం. పగలు అమ్మాయిలెవరూ ఉండరు, నీ పనికి అడ్డుండదు. నీకిష్టమైతేనే సుమా. ఆలోచించుకుని చెప్పు, తొందరేం లేదు."

గట్టు పట్టుకుని నిలబడిపోయాను. నీకిష్టమైతేనే అనే మాట ఈ ఇంట్లో విని ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టుకోబోయి, ఊరుకున్నాను. కళ్ళు తుడుచుకుందామంటే తువ్వాలు ఉప్పు వాసన కొట్టింది. చేత్తోనే తుడుచుకున్నాను.

"ఆలోచించేదేం లేదు వదినా," అన్నాను.

శనివారం చిన్న వ్యాను వచ్చింది. బల్ల, ప్లాస్టరు సంచి, మైనం డబ్బాలు, బకెట్లోని పనిముట్లు ఎక్కించారు. షేడ్ గైడ్ మాత్రం మరిగే నీళ్ళతో కడిగి నేనే పట్టుకున్నాను. హెడ్‌మిస్ట్రెస్ సోమవారం పొద్దున వస్తానంది, ఉత్తరపు కిటికీ ఉందని చెప్పాను.

మా ఆయన గుమ్మంలో అటూ ఇటూ కదులుతున్నాడు. "అక్క వెళ్తే వెళ్ళింది. నువ్వెందుకు? సాయంత్రంలోగా అంతా మళ్ళీ సర్దేస్తాను. కిటికీ నీకే ఇచ్చేస్తాను."

ఇచ్చేస్తాడట.

"మరి ఇంటికి ఎప్పుడొస్తావు?"

"చీకటి పడ్డాక," అన్నాను. "అప్పుడు నాకు వెలుతురుతో పనుండదు."

వ్యాను దగ్గర వదిన ముందు సీట్లో జరిగి నాకు చోటు చేసింది. ఎక్కబోతూ తెరిచి ఉన్న మా తలుపులోంచి లోపలికి చూశాను. బీరువా మీది నుంచి వల మూత దింపి, నా తువ్వాలుతో దుమ్ము తుడిచి, తొట్టి మీద నాలుగు మూలలా నొక్కి పెడుతున్నాడు.